అలవాటైపోతుంది లేన్నా

"మొదట్లో అందరికీ ఇట్లే ఉంటాదన్నా. పది దినాలు ఓర్చుకో, అలవాటైపోతుంది లే."

సీప్యాప్ మిషన్ ఇంటికి తెచ్చి, మంచం పక్కన పెట్టి, మాస్కు తగిలించి చూపించిన అబ్బాయి వెళ్తూ వెళ్తూ చెప్పే మాట ఇది. సీప్యాప్ అంటే, నిద్రలో గొంతు దారి కూలి మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా జబ్బుకు, రాత్రంతా మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మిషన్. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఆ అబ్బాయి మాట మారదు. ఇంట్లోవాళ్ళూ అదే అంటారు, ఒక్కోసారి డాక్టరు గారూ అదే అంటారు. చెప్పేవాళ్ళకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. కానీ అన్ని వేలు పోసి కొన్న మిషన్లు మూడు నెలలకే బీరువా మీదికి చేరడానికి ఈ ఓదార్పు మాటే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే సీప్యాప్‌తో వచ్చే ఇబ్బందులన్నీ ఒక జాతివి కావు. ఓపిక పడితే పోయేవి కొన్ని. ఎన్నాళ్ళు ఓపిక పట్టినా పోనివి కొన్ని. వీటికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణాన్ని పట్టుకుని సరిచేస్తే తప్ప పోవు. రెండింటినీ కలగలిపి అన్నింటికీ ఓపికే మందని చెప్పేస్తే, రెండో రకం బాధ పడుతున్న మనిషి పది రాత్రులు నరకం చూసి, పదకొండో రోజు "ఇది నా ఒంటికి పడదు" అని తేల్చేస్తాడు. పడనిది మాస్కు సైజు కావచ్చు, ప్రెషర్ కావచ్చు, తేమ కావచ్చు. ఆ మనిషికి మాత్రం మిషనే పడలేదన్న ముద్ర పడిపోతుంది. ఆ తర్వాత ఎవరెంత చెప్పినా మళ్ళీ ముట్టుకోడు.

ఓపిక పడితే పోయేవి

ఒక చెంబు నిండా నీళ్ళు పోసి, అందులో స్ట్రాను పది సెంటీమీటర్ల లోతుకు ముంచి, బుడగలు వచ్చేదాకా ఊది చూడండి. మిషన్ తెర మీద 10 అని కనబడేది సరిగ్గా ఆ ఒత్తిడే. గొంతులో కూలిపోయే దారిని తెరిచి ఉంచేది అదే, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఎదురుగా నిలబడేదీ అదే. నాలుగు ఊపిర్లకు ఇదేం పెద్ద బరువు కాదు. రాత్రంతా అంటే మాత్రం ఒంటికి కొత్త. ఈ కొత్త నిజంగానే పోతుంది. ముఖం మీద ఏదో కూర్చుందన్న స్పృహ, ట్యూబు కదిలినప్పుడు వచ్చే చప్పుడు, పక్కకు తిరగాలంటే భయం, ఇవన్నీ కూడా రెండు మూడు వారాల్లో వాటంతట అవే సద్దుమణుగుతాయి.

అయితే ఈ ఓపికకూ ఒక పద్ధతి కావాలి. రాత్రి పదకొండింటికి, ఒళ్ళు అలిసిపోయి, చీకట్లో, మొట్టమొదటిసారి మాస్కు తగిలించుకుని నిద్రపోవాలని చూడటం అన్నింటికంటే చెడ్డ మొదలు. మొదటి మూడు నాలుగు రోజులు పగటిపూట, టీవీ చూస్తూనో పేపరు చదువుతూనో, స్ట్రాపులు వేసుకోకుండా మాస్కును చేత్తో ముఖానికి ఆనించి పట్టుకుని మిషన్ ఆన్ చేయాలి. ఊపిరాడనట్టు అనిపించగానే తీసేయొచ్చు, చెయ్యి తీస్తే చాలు. ఆ ధైర్యం కుదిరాక స్ట్రాపులు వేసుకుని అరగంట. ఆ తర్వాత మధ్యాహ్నం కునుకు. అప్పుడు రాత్రి. మాస్కంటే గుండె దడ వచ్చేవాళ్ళకు ఈ వరస రెండు వారాలు పట్టినా తొందరపెట్టకూడదు.

మిషన్‌లోనూ దీనికి రెండు సాయాలున్నాయి. ర్యాంప్ అనేది ప్రెషర్‌ను తక్కువలో మొదలుపెట్టి 5 నుంచి 45 నిమిషాల్లో మెల్లగా పెంచుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ను కాస్త తగ్గించే సదుపాయం ఇంకొకటి. రెస్‌మెడ్ కంపెనీ మిషన్లలో దాన్ని ఈపీఆర్ అంటారు, ఫిలిప్స్ వాటిలో ఫ్లెక్స్ అంటారు, 1, 2, 3 అని మెట్లుంటాయి. చాలా ఇళ్ళలో ఇది ఆపేసి ఉంటుంది, ఉందన్న సంగతి కూడా ఎవరూ చెప్పి ఉండరు.

మొదటి వారంలో రంగురంగుల కలలు వచ్చి కొందరు బెదిరిపోతారు. ఏళ్ళ తరబడి తెగిపోతూ వచ్చిన కలల నిద్రను ఒళ్ళు వడ్డీతో సహా తీర్చుకోవడమే అది. దానికి ఏమీ చేయనక్కర్లేదు.

కరెంటు పోతే మాస్కులో ఊపిరాడక చచ్చిపోతామన్న భయం చాలామందికి ఉంది, పైకి చెప్పుకోరు. మాస్కులో గాలి బయటికి పోయే సన్నటి రంధ్రాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. నోరూ ముక్కూ కలిపి మూసే మాస్కులో, మిషన్ ఆగగానే బయటి గాలికి తెరుచుకునే చిన్న వాల్వు కూడా ఉంటుంది. ముక్కు మాస్కయితే నోరు తెరిస్తే చాలు. ఉక్కగా అనిపించి మెలకువ వస్తుంది, అంతే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ప్యూర్ సైన్ వేవ్ రకం అయ్యుండాలి. కరెంటు పోయిన రాత్రి, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది, ఎందుకంటే ఎక్కువ కరెంటు తినేది గాలి తోసే మోటారు కాదు, నీళ్ళు వేడిచేసే ప్లేటు.

ఎన్నాళ్ళు ఓర్చినా పోనివి

మొదటిది లీకు. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ ఈ వైద్యాన్ని లోకానికి చూపించిన కొత్తల్లో రోగులు మాస్కును రోజూ జిగురుతో ముఖానికి అంటించుకునేవాళ్ళు. అంటే గాలి తోయడం కంటే, ఆ గాలి పక్కలకు పోకుండా నిలబెట్టడమే మొదటినుంచీ కష్టమన్నమాట.

మాస్కు పక్కనుంచి గాలి కళ్ళలోకి కొడుతోందంటే అందరూ చేసే పని స్ట్రాపులు ఇంకా బిగించడం. సరిగ్గా అదే చేయకూడదు. మాస్కు అంచున ఉండే సిలికాన్ దిండును దగ్గరగా చూస్తే రెండు పొరలు కనబడతాయి. లోపలిది కాస్త గట్టిది, బయటిది ఉల్లిపొరలాంటిది. ఆ బయటి పొరలోకి గాలి చేరి, అది బెలూనులా ఉబ్బి చర్మాన్ని అంటుకున్నప్పుడే లీకు ఆగుతుంది. బిగించేకొద్దీ ఆ పొర నలిగి ముడతపడుతుంది, ముడతలోంచి గాలి పోతుంది. మనిషి ఇంకా బిగిస్తాడు. తెల్లారేసరికి ముక్కు దూలం మీద ఎర్రటి పుండు.

సరిచేసే తీరు ఇది. కూర్చుని కాదు, పడుకునే మాస్కు అమర్చుకోవాలి. పడుకుంటే చెంపలు వెనక్కి జారి ముఖం ఆకారమే మారుతుంది. మిషన్ ఆన్ చేసి, ర్యాంప్ ఆపేసి, ప్రెషర్ నిండుగా ఉండగా, స్ట్రాపులన్నీ వదులు చేయాలి. మాస్కును ముఖం నుంచి ఒక అంగుళం పైకి లాగి, దిండు ఉబ్బనిచ్చి, మళ్ళీ మెల్లగా ఆనించాలి. అప్పుడు రెండు వైపులా స్ట్రాపులను సమానంగా, ఒక్కో పిసరు చొప్పున బిగిస్తూ, లీకు ఆగిన చోట ఆపేయాలి. స్ట్రాపు కింద రెండు వేళ్ళు దూరాలి. ఆ తర్వాత పక్కకు తిరిగి, రెండు వైపులా చూసుకోవాలి. పొద్దున లేచాక ముఖం మీద గీత అరగంటలో పోవాలి. పోలేదంటే బిగింపు ఎక్కువైంది, లేదా సైజు తప్పు. అమర్చడానికి వచ్చిన అబ్బాయి మంచం మీద పడుకోబెట్టి చూపించకుండా కుర్చీలోనే చూపించి వెళ్ళిపోతే, ఆయన సగం పనే చేశాడు.

ఇంకో కారణం మన ఇళ్ళలోదే. తలకు కొబ్బరినూనె పెట్టుకుని, ముఖానికి క్రీము రాసుకుని పడుకుంటే సిలికాన్ జారుతుంది. కొన్ని నెలల్లోనే అది గట్టిపడి పసుపురంగుకు తిరుగుతుంది, స్ట్రాపుల్లో సాగుడు పోతుంది. రాత్రి సబ్బుతో ముఖం కడుక్కోవాలి. పొద్దున మాస్కు దిండును గోరువెచ్చని నీళ్ళలో మామూలు సబ్బు చుక్కతో కడిగి నీడలో ఆరబెట్టాలి. మన మే నెల ఎండలో ఆరేస్తే సిలికాన్ తొందరగా పాడవుతుంది.

రెండోది ప్రెషర్. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే. అవసరాన్ని బట్టి ప్రెషర్‌ను తనే మార్చుకునే ఆటో మిషన్ పెట్టె నుంచి తీసినప్పుడు 4 నుంచి 20 వరకు అని ఉంటుంది. "ఆటో కదన్నా, అదే చూసుకుంటాది" అని అలాగే వదిలేస్తారు. 4 దగ్గర చాలామందికి గాలి చాలదు. మాస్కులోంచి వదిలిన గాలిని బయటికి ఊడ్చేసే ధార ఆ ప్రెషర్‌లో బలహీనంగా ఉంటుంది, అందుకే ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. ఆ మనిషి "మిషన్ పెట్టుకుంటే ఊపిరాడటం లేదు" అంటాడు. వినేవాళ్ళు ప్రెషర్ ఎక్కువైందనుకుని ఇంకా తగ్గిస్తారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి. 6కో 7కో పెంచితే మొదటి రాత్రే తేడా తెలుస్తుంది. అటు చివర 20 కూడా అనవసరం. లీకును చూసి మిషన్ తికమకపడి ప్రెషర్‌ను ఎత్తుకు తీసుకుపోతే, ఆ గాలికి మెలకువ వస్తుంది, కడుపులోకి గాలి పోయి పొద్దున తేన్పులు, ఉబ్బరం.

వారం పది రోజులు వాడాక మిషన్ లెక్కల్లో 95 శాతం ప్రెషర్ అని ఒక అంకె వస్తుంది. రాత్రిలో 95 శాతం సమయం ప్రెషర్ దానికి లోబడే ఉందని అర్థం. అది 11 అనుకుంటే, కింది హద్దు 8 దగ్గర, పై హద్దు 13 దగ్గర పెట్టడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఇది రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఎవరూ పెట్టకపోవడం వల్ల ఎంతమంది వైద్యం వదిలేసుకుని ఉంటారో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మూడోది నోరు. ముక్కు మాస్కు పెట్టుకుని నోరు తెరిచి పడుకుంటే లోపలికి పోయిన గాలి నోట్లోంచి బయటికి వస్తుంది. పొద్దునకు నాలుక కట్టెలా ఎండిపోతుంది. వెంటనే పెద్ద మాస్కు కొనిపిస్తారు. దానికంటే ముందు ముక్కు సంగతి చూడాలి. దుమ్ము పడకో, దూలం వంకరో ఉండి ముక్కు మూసుకుపోతే నోరు తెరుచుకోక ఏం చేస్తుంది? ఉప్పునీటి స్ప్రే, అవసరమైతే ఈఎన్‌టీ డాక్టరు రాసే స్ప్రే, హ్యుమిడిఫయర్‌లో తేమ పెంచడం, ఈ మూడింటితో చాలామందికి ముక్కు మాస్కే సరిపోతుంది. నోరూ ముక్కూ మూసే మాస్కుకు తరచుగా ప్రెషర్ ఎక్కువ కావాల్సి వస్తుంది, అంచు పెద్దది కాబట్టి లీకయ్యే చోట్లూ ఎక్కువ. అది చివరి మార్గం కావాలి.

నీళ్ళు, పొగ, దుమ్ము

మన వైపు బోరు నీళ్ళు పోస్తే హ్యుమిడిఫయర్ గిన్నె అడుగున వారంలో తెల్లటి సున్నం పేరుకుంటుంది. కాచి చల్లార్చినా సున్నం పూర్తిగా పోదు. డిస్టిల్డ్ వాటర్ మందుల షాపులో అడిగి తెచ్చుకోవాలి. దొరకని రోజు ఆర్వో నీళ్ళు కాచి చల్లార్చి పోసుకోవచ్చు, అదే అలవాటు చేసుకోకూడదు. నిన్నటి నీళ్ళు పారబోసి, గిన్నె కడిగి, రాత్రి కొత్తవి పోయాలి. సున్నం పట్టిందంటే పది పాళ్ళ నీళ్ళకు ఒక పాలు వెనిగర్ కలిపి నానబెట్టి కడగాలి.

ఏసీ గదిలో ఇంకో తంటా. వెచ్చటి తేమగాలి చల్లటి ట్యూబులో నీళ్ళుగా మారి, తెల్లవారుజామున గళగళమంటూ ముక్కులోకి చిమ్ముతుంది. మిషన్ పాడైందనుకుంటారు. తేమ ఒక మెట్టు తగ్గించాలి, ట్యూబుకు గుడ్డ తొడుగు వేయాలి, మిషన్‌ను తల కంటే కింద పెట్టాలి. మే నెల ఏసీలో ఒక లెక్క, కార్తీకంలో వానలు పట్టుకున్నప్పుడు ఇంకో లెక్క. డిసెంబరులో కొండ మీద కాటేజీలో పడుకుంటే ఆ చలికి మళ్ళీ వేరే లెక్క. తేమ అంకె ఒకసారి పెట్టి మరిచిపోయేది కాదు.

మిషన్ గదిలో ఉన్న గాలినే పీల్చుకుని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. దాని పక్కనే దోమల చుట్ట వెలిగించినా, సాంబ్రాణి వేసినా ఆ పొగ నేరుగా లోపలికే. ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది, పొగను పూర్తిగా ఆపదు. దోమతెర కట్టుకోవడం మంచిది. ఫిల్టర్ బూడిదరంగుకు వచ్చిందంటే నెల కాకపోయినా మార్చాల్సిందే. రోడ్డు పక్క ఇళ్ళలో, పక్కన ఇల్లు కడుతున్న చోట్ల పదిహేను రోజులకే వస్తుంది.

ఒకరు వాడిన మిషన్ చవగ్గా వస్తుందని తీసుకునేవాళ్ళు మోటారు ఎన్ని గంటలు తిరిగిందో తెర మీద చూసుకోవాలి. 2021 జూన్‌లో లోపలి నురగ పొడిపొడిగా రాలుతోందని ఫిలిప్స్ వెనక్కి పిలిచిన మోడళ్ళలో అది ఉందేమో సీరియల్ నంబరుతో సరిచూసుకోవాలి.

నాలుగు గంటలు చాలా?

"రోజుకు నాలుగు గంటలు పెట్టుకుంటే చాలంట" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఎవరూ దాన్ని పట్టుకోరు. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా మిషన్‌కు డబ్బు కట్టడానికి పెట్టుకున్న హద్దు అది. 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి కనీసం నాలుగు గంటలు. బిల్లుల కోసం పెట్టిన లెక్క మనదాకా వచ్చేసరికి వైద్యం అయి కూర్చుంది.

కలల నిద్ర ఎక్కువగా రాత్రి రెండో సగంలో వస్తుంది. ఆ నిద్రలో కండరాలు పూర్తిగా సడలిపోతాయి కాబట్టి చాలామందికి ఊపిరి ఆగడాలు అప్పుడే ఎక్కువ, ఎక్కువసేపు కూడా. పదింటికి పెట్టుకుని రెండింటికి బాత్రూముకు లేచినప్పుడు తీసేసి పడుకునే మనిషి, తెర మీద నాలుగు గంటలు చూసి తృప్తి పడుతున్నాడు. అసలు ప్రమాదం ఉన్న సమయాన్ని మాత్రం ఖాళీగా వదిలేస్తున్నాడు. లేచినప్పుడు మాస్కు విప్పక్కర్లేదు. ట్యూబును మాస్కు దగ్గర ఊడదీసి వెళ్ళి, వచ్చి మళ్ళీ తగిలించుకోవచ్చు. వైద్యం బాగా పనిచేస్తుంటే ఆ బాత్రూము ప్రయాణాలే తగ్గుతాయి, మూడుసార్లు లేచే మనిషి ఒకసారికి వస్తాడు. మిషన్ పనిచేస్తోందనడానికి చాలా ఇళ్ళలో మొదట కనబడే గుర్తు అదే.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న న్యాయమైనదే. 2016లో వచ్చిన సేవ్ అధ్యయనంలో గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2,700 మందికి పైగా పాల్గొన్నారు, మన దేశం వాళ్ళూ ఉన్నారు. సీప్యాప్ ఇచ్చినవాళ్ళలో గుండెపోట్లు, పక్షవాతాలు, ఆ జబ్బులతో చావులు తగ్గినట్టు తేలలేదు. మరి ఇంత కష్టం దేనికి? నేను దాన్ని కొట్టిపారేయను. గుండెను కాపాడుతుందని హామీ ఇచ్చి మిషన్ అమ్మడం తప్పు. కానీ అందులో జనం సగటున వాడింది రాత్రికి 3.3 గంటలే. అంత తక్కువ వాడకంలోనూ పగటి మత్తు తగ్గింది, మనసు కుదుటపడింది. తెల్లవారుజామున చెన్నైకి పాల ట్యాంకరు తోలే డ్రైవరుకు, ఘాట్ రోడ్డు మలుపుల్లో జీపు తిప్పే మనిషికి, పగలు కునుకు రాకపోవడం చిన్న విషయం కాదు. దారిలో ఎదురొచ్చేవాళ్ళకూ కాదు.

బరువు తగ్గడం, దవడను ముందుకు నెట్టే పళ్ళ పరికరం, శస్త్రచికిత్స, ఇవన్నీ కొందరికి సరైన దారులే. స్థూలకాయం ఉన్నవాళ్ళ స్లీప్ ఆప్నియాకు, బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కు 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. కానీ బరువు తగ్గేదాకా రాత్రులు ఆగవు కదా.

మరీ తిప్పుతూ కూర్చోవడం కూడా తప్పే

ఓపిక వద్దన్నాను కదా అని రోజుకో సెట్టింగ్ మార్చేవాళ్ళున్నారు. మెమరీ కార్డు తీసి, ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీతలు చూసి, నిన్న ఏహెచ్ఐ (గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె) 2, ఈరోజు 4 అని కంగారుపడతారు. గంటకు 5 లోపు ఉంటే మామూలే. ఒకసారి ఒక్కటే మార్చి, నాలుగైదు రాత్రులు ఆగి చూడాలి. మాస్కూ ప్రెషరూ ఒకే రాత్రి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. మొదటి వారాల్లో దారి తెరిచే ఉన్నా ఊపిరి ఆగిన లెక్క కొంచెం పెరగవచ్చు. మెదడు కొత్త గాలికి సర్దుకుంటోందని అర్థం, ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. ఇక్కడ ఓపికే సరైనది. దాన్ని చూసి సొంతంగా ప్రెషర్ పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. తగ్గకపోతే, ముఖ్యంగా గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, డాక్టరు చూడాల్సిందే.

మనవైపు ఇంకో చిక్కు ఉంది. చిత్తూరు మనిషి నిద్రలో ఊపిరిని కొలిచే స్లీప్ స్టడీ పరీక్ష వేలూరులో చేయించుకుంటాడు, మిషన్ తిరుపతిలో తీసుకుంటాడు, మాస్కు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాడు. రాత్రి మూడింటికి లీకైతే అడగడానికి ఎవరూ లేరు. అందుకే డబ్బు కట్టకముందే అడగాల్సినవి అడగాలి. ఒక నెల అద్దెకు ఇస్తారా? మాస్కు సరిపోకపోతే మారుస్తారా? మొదటి నెలలో ఎన్నిసార్లు ఇంటికి వస్తారు? వారం తర్వాత లెక్కలు తీసి డాక్టరుకు పంపేది ఎవరు? ధరలో వెయ్యి రెండు వేలు తగ్గించే దుకాణం కంటే, ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చే దుకాణం నయం.

కుదిరిన మాస్కు కూడా ఎప్పటికీ కుదిరి ఉండదు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటే మండలం రోజులు గడ్డం గీయరు. రెండో వారానికి గడ్డం మాస్కు అంచును పైకి లేపుతుంది, అంతవరకు బాగున్న మనిషికి ఉన్నట్టుండి లీకు మొదలవుతుంది. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే నేసల్ పిల్లోస్ రకం మాస్కు ఆ నలభై రోజులకు ముందే తెచ్చి పెట్టుకోవాలి. చాప మీద పడుకుంటారు కాబట్టి మిషన్ తల కంటే ఎత్తులో ఉండకుండా, ఏ బల్ల మీదా పెట్టక, పక్కనే నేల మీద ఉంచి, కింద శుభ్రమైన గుడ్డ పరచాలి, లేకపోతే నేల దుమ్మంతా ఫిల్టర్‌కే. కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చిన రాత్రి వెనక స్ట్రాపు వదులై పైకి జారుతుంది. పడుకునే ముందు మళ్ళీ పడుకుని, మాస్కు లేపి ఆనించి, స్ట్రాపులు కొత్తగా సరిచేసుకోవాలి. జుట్టు పెరిగేకొద్దీ నెలకోసారి మళ్ళీ.